యాదవ్వ ఇరవై ఒక్క స్టేజీలు

కండక్టర్ యాదవ్వను ఎవరైనా పొగుడుతుంటే నాకు ముందు ఒళ్లు మండుతుంది. ఇప్పుడు పొగిడేవాళ్లలో సగంమంది అప్పుడు ఆమెను తిట్టినవాళ్లే. బిడ్డకు అంత రోగం పెట్టుకుని రోడ్ల వెంట ఉరికే ఆడది ఏం ఆడది అన్నవాళ్లే. వాళ్లలో నేను లేనని గొప్పలు పోను. మొదట్లో నేనూ ఆ మాట అన్నాను. తర్వాత అంతకంటే పెద్ద తప్పే చేశాను. ఈ సంగతి నేను చెబితేనే సరిగ్గా ఉంటుంది.

నా పేరు లక్ష్మీరాజం. సిద్దిపేట డిపోలో డ్రైవర్ని. అక్కన్నపేట రూటు మీద నాకూ యాదవ్వకూ నాలుగేళ్లు కలిసి డ్యూటీ పడింది. బస్సు ఎంత కిటకిటలాడినా టికెట్ తీయనివాడు ఆమె కంట పడకుండా దిగింది లేదు. గొంతు కూడా అట్లాంటిదే. ఆమె వెనక డోరు దగ్గర "రైట్ రైట్" అంటే ముందు వెళ్లే ఎడ్లబండి కూడా పక్కకు తప్పుకునేది.

ఆమె కూతురు పూజకు తలసీమియా. ఆ పిల్ల ఒంట్లో రక్తం సరిగా తయారు కాదు. ఇరవై ఒక్క రోజులకోసారి హైదరాబాద్ దవాఖానకు తీసుకుపోయి ఎక్కించాలి. ఎక్కించిన రక్తంతో ఒంట్లో చేరే ఇనుము దిగడానికి రోజూ పొద్దున నీళ్లలో కలిపి ఒక గోళీ తాగించాలి. పైగా ఆ పిల్లది బి నెగెటివ్. దొరకడం కష్టమని ప్రతిసారీ రక్తం ఇచ్చే మనిషిని కూడా వెంటబెట్టుకుని పోయేవాళ్లు. యాదవ్వ భర్త శైలేందర్ లారీ మీద పోతే పదిరోజులకు గానీ ఇంటికి రాడు. కాబట్టి మనిషిని వెతకడం, ఒప్పించడం, పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం అన్నీ యాదవ్వే. ఇంట్లో తోడు అత్త పోచవ్వ. ఆమె నోరు మంచిది కాదు, మనసు మంచిదని అందరూ అంటారు. ఆ నోటి కింద పడ్డవాళ్లకు మనసు కనబడటం కష్టం.

రెండువేల పదకొండు ఎండాకాలంలో హైదరాబాద్ కాలేజీ పిల్లలు నలుగురు మా బస్సెక్కారు. రంగురంగుల బనీన్లు, మెడల్లో పతకాలు. నలభై రెండు కిలోమీటర్ల పరుగు పందెంలో ఉరికి వచ్చామని చెప్పారు. ట్రిప్పు అయ్యాక చాయ్ తాగుతూ యాదవ్వ నన్ను అడిగింది.

"నలభై రెండు కిలోమీటర్లంటె, టికెట్ స్టేజీకి రెండు చొప్పున మన లెక్కల ఇరవై ఒక్క స్టేజీలే గదన్నా?"

"స్టేజీలే గాని, నువ్వు బస్సుల పోతవ్. వాళ్లు కాళ్ల మీద పోతరు."

"బస్సుల నేనెన్నడన్న కూసున్ననా? పొద్దందాక కాళ్ల మీదనే ఉంట గద!"

నవంబర్ చివరి ఆదివారం హైదరాబాద్‌లో అట్లాంటిదే ఇంకో పరుగు ఉందని ఆమె కనుక్కుంది. పేరు ఇచ్చేసింది. నాకు నెల తర్వాత గానీ చెప్పలేదు.

కండక్టర్ డ్యూటీ చేసి, ఇల్లు చూసుకుని, పిల్లను చూసుకుని ఎప్పుడు ఉరకాలి? డిపో నుంచి ఇంటికి రోజూ ఉరికేది. అది చాలదని ఆమెకూ తెలుసు. అంతలో సెప్టెంబర్ వచ్చింది, సకల జనుల సమ్మె వచ్చింది. బడులు బంద్, ఆఫీసులు బంద్, మా బస్సులూ బంద్. ఇరవై రెండేళ్ల సర్వీసులో నాకు మొదటిసారి పొద్దున్నే తొక్కడానికి బ్రేకు లేకుండా పోయింది. డిపో గేటు ముందు టెంటు వేసుకుని కూర్చున్నాం. తెలంగాణ వస్తుందా రాదా అన్న ఒకే ఒక్క మాట తప్ప ఊళ్లో ఇంకో మాట లేదు.

రెండో రోజు యాదవ్వ నా దగ్గరికి వచ్చి, "అన్నా, టెంటుకాడికి తొమ్మిదింటికి గద పోవాలె. పొద్దుగాల నీ టీవీఎస్ బండి ముందట పెట్టి గంటకు ఎనిమిది మీద నడుపుతవా? నీ ఎంబడి ఉరుకుత," అంది.

"బిడ్డను ఇంట్ల పండవెట్టి నీకు గీ ఉరుకుడు ఎందుకు యాదవ్వా? నలుగురు ఏమంటరు?" అన్నాను. అన్నానని చెప్పానుగా.

ఆమెకు కోపం రాలేదు. నెమ్మదిగానే చెప్పింది. "దవాఖాన్ల సుక్క సుక్క పడ్తుంటె సూసుడు తప్ప నాతోని ఏం గాదన్నా. ఇంటికొస్తె మళ్ల ఎన్నడు తగ్గుతదో అని సూసుడు. మొన్న గోళీ తాగనని మొండికేస్తె పోరిని కొట్టిన. ఒంట్ల రక్తం లేని పిల్లను కొట్టిన. గా రోజు రోడ్డు మీదికి పోయి ఊపిరి ఆగెదాంక ఉరికిన. వచ్చినంక దాన్ని దగ్గరికి తీస్కున్న. ఉరికితెనే నేను దానికి మంచిగ తల్లినైత."

మర్నాడు పొద్దున ఐదింటికి నా టీవీఎస్ ఆమె ఇంటి ముందు ఉంది.

గంటకు ఎనిమిది కిలోమీటర్ల మీద బండి పడిపోకుండా నడపడం పెద్ద విద్య. బస్సును ఘాట్ రోడ్డు ఎక్కించినవాణ్ని, రెండు రోజుల్లో నాలుగుసార్లు కాలు కింద పెట్టాను. వెనక సీటు మీద పూజ తల్లి వైపు తిరిగి కూర్చునేది. ఒక చేత్తో నా చొక్కా, ఇంకో చేతిలో నీళ్ల బాటిల్. తొమ్మిదేళ్ల పిల్ల, అధికారం మాత్రం డిపో మేనేజర్‌ది. తల్లి కొంచెం వెనకబడితే చాలు, "ఏమ్మా, బండి ఖరాబయిందా?" అని అరిచేది. తల్లి దగ్గరికి రాగానే నా వీపు మీద చరిచి "రైట్ రైట్" అనేది.

ఇట్లా సాగేది రక్తం ఎక్కించిన తర్వాత రెండు వారాలే. మూడో వారంలో పిల్ల ముఖం పాలిపోయేది. మెట్లెక్కితే ఆయాసపడేది. ఆ వారం యాదవ్వ రోడ్డు మీదికి వచ్చేది కాదు. వాళ్ల వాడలో ఈ చివర నుంచి ఆ చివరకు ఉరికేది. పూజ పిలిస్తే వినబడాలి, అదీ ఆమె పెట్టుకున్న హద్దు. అటు వందసార్లు, ఇటు వందసార్లు. పోచవ్వ గడప మీద చిక్కుడుకాయలు ఒలుస్తూ తిట్టేది. "మగ్గంల నాడె లెక్క అటు ఇటు ఏం తిరుగుతవే? సూసెటోళ్లకు కండ్లు తిరుగుతున్నయి. గా దుమ్మంత నా కూరల పడ్తున్నది!" యాదవ్వ పట్టించుకునేది కాదు. పుస్తకాల్లో పరుగుకు ఏదో పట్టిక ఉంటుందట. ఆమె పట్టిక కూతురి ఒంట్లో రక్తమే.

దూరాన్ని స్టేజీల్లోనే కొలుచుకుంది. అక్కడే ఒక పొరపాటు జరిగింది. ఒకరోజు పదిహేను స్టేజీలు, అంటే ముప్పై కిలోమీటర్లు అనుకుని ఉరికి చతికిలబడింది. "ముప్పైకే గిట్లయితె ఇంక పన్నెండు ఎట్ల ఉరుకుతనన్నా," అని దిగులుపడింది. నా బండి మీటర్ చూస్తే ముప్పై నాలుగు దాటింది. టికెట్ స్టేజీలు అన్నీ సరిగ్గా రెండు కిలోమీటర్లు ఉండవు, ఊరు ఎక్కడుంటే స్టేజీ అక్కడ. ఇన్నేళ్లు ఆ రూటు మీద తిరిగి ఇద్దరికీ ఆ బుద్ధి లేకపోయింది. పూజ నవ్వి నవ్వి బండి మీద నుంచి పడబోయింది.

ఇంకోరోజు చిన్నకోడూరు దగ్గర రోడ్డు ఆపి ఉద్యమం వంటావార్పు జరుగుతోంది. నడి రోడ్డు మీద పొయ్యిలు, డేగిసాలు, జెండాలు. బండి మీద పిల్ల, వెనక ఉరుకుతున్న ఆడమనిషి. వాళ్లు చూడగానే తెలంగాణ కోసం పరుగు తీస్తోందని తేల్చుకున్నారు. జై కొట్టారు. ఒకామె పరుగెత్తుకొచ్చి బొట్టు పెట్టింది. కొమురవ్వ అనే పెద్దావిడ మెడలో బంతిపూల దండ వేసింది.

యాదవ్వ ఆగి, దండ తీసి చేతిలో పట్టుకుంది. "అవ్వా, నేను తెలంగాణ కోసం ఉరుకుతలేను. సమ్మెల ఉన్న, టెంటుకాడ కూసుంటున్న, గది వేరే. గీ ఉరుకుడు నా కోసం," అంది.

ఆ రోజుల్లో అంతమంది ముందు అట్లా అనడానికి ఎంత ధైర్యం కావాలో ఇప్పటివాళ్లకు తెలియదు. కొమురవ్వ ఆమెను కింది నుంచి పైదాకా చూసింది. "నీ కోసమైతె ఏంది బిడ్డా? తెలంగాణ వచ్చేది ఎవలి కోసం, మన కోసమె గద! ఏస్కో దండ," అని మళ్లీ మెడలో వేసింది. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు పోవుడు లేదు. చక్రం తిరుగొద్దని ఆర్డర్ ఉన్నది," అంది. యాదవ్వ ముందుకు ఉరికింది. నేనూ పూజా పొయ్యి దగ్గర కూర్చుని పప్పన్నం తిన్నాం. ఆమె తిరిగి వచ్చేదాకా చక్రం తిరగలేదు.

సమ్మె టెంటులోనే ఇంకో సంగతి బయటపడింది. పూజకు రక్తం ఇచ్చేవాళ్లు ముగ్గురే ఉన్నారు, నవంబర్ మొదటి వారంతో ముగ్గురి వంతులూ అయిపోతాయి, ఒకసారి ఇచ్చినవాళ్లు మళ్లీ ఇవ్వడానికి మూడు నెలలు ఆగాలి. పనిలేక అందరం గుర్తింపు కార్డులు తీసి రక్తం గ్రూపులు చూసుకున్నాం. డిపో మొత్తం మీద బి నెగెటివ్ ఒక్కడే. అది నేను. ఇన్నేళ్లూ ఆ కార్డు నా జేబులోనే ఉంది. యాదవ్వ నా చేతులు రెండూ పట్టుకుంది. వచ్చే నవంబర్ చివరి శనివారం పూజకు రక్తం, ఆ మర్నాడే హైదరాబాద్‌లో పరుగు. "శనివారం నువ్వు ఇస్తె ఐతారం దాకా పోరి హుషారైతది. నేను నిమ్మలంగ ఉరుకుత," అంది. నేను మాటిచ్చాను.

అక్టోబర్‌లో బస్సులు కదిలాయి. సమ్మె అయిపోయినా సిద్దిపేటలో రిలే నిరాహార దీక్షల టెంటు మాత్రం ఎత్తలేదు. రోజుకో సంఘం, రోజుకో కులం, రోజుకో ఆఫీసు వంతు. మా డిపో వంతు సరిగ్గా ఆ శుక్రవారమే వచ్చింది.

ఇక్కడ నా తెలివి గురించి చెప్పాలి. రక్త పరీక్షకు పోతే పరగడుపున రమ్మంటారు కదా. అయితే రక్తం ఇవ్వడానికి ఇంకెంత ఖాళీ కడుపు ఉండాలి? ఒక పూట కాదు, రాత్రంతా కూడా దీక్షలో ఉండి, ఆ రక్తం ఇస్తే ఎంత శుద్ధంగా ఉంటుంది! ఉద్యమమూ అయింది, పుణ్యమూ అయింది. ఎవరినీ అడగలేదు. అడిగితే నా గొప్ప తగ్గుతుంది కదా. సాయంత్రం అందరూ నిమ్మరసం తాగి లేచారు. నేను లేవలేదు. "లక్ష్మీరాజం ఇరవై నాలుగు గంటలు కూసుంటుండు," అని మైకులో చెప్పారు. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకు అన్నంకంటే రుచిగా అనిపించాయి.

శనివారం పొద్దున అట్లాగే బస్సెక్కి, యాదవ్వ, పూజ, పోచవ్వలతో హైదరాబాద్ చేరాను. రక్తం తీసుకునే చోట నర్సు బీపీ చూసింది. మళ్లీ చూసింది. ఏం తిన్నారని అడిగింది. నేను ఛాతీ విరుచుకుని నిన్న పొద్దుటి నుంచీ దీక్షలో ఉన్నానని చెప్పాను. ఆమె తల పట్టుకుంది. "ఖాళీ కడుపుతోని రక్తం తీస్తే ఇక్కడే పడిపోతారండీ. బీపీ కూడా బాగా తక్కువుంది. మంచిగ తిని, నిద్రపోయి రేపు పొద్దున రండి," అంది. నిల్వలో బి నెగెటివ్ లేదు. నేను లేచి నిలబడబోయి గోడ పట్టుకున్నాను.

పూజ ఒంట్లో హిమోగ్లోబిన్ ఐదున్నరకు దిగింది. పెదవులు తెల్లగా పాలిపోయాయి. మంచం మీద పడుకుని కళ్లు తెరిచి చూస్తోంది గానీ మాట్లాడటం లేదు. డాక్టర్ చూసి, రేపటిదాకా ఆగొచ్చు, అంతకు మించి ఆగొద్దని చెప్పాడు. రేపు ఎనిమిదింటికి రక్తం ఇస్తే, దాన్ని పరీక్షించి ఎక్కించేసరికి మధ్యాహ్నం దాటుతుందన్నాడు.

యాదవ్వ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. సంచిలోంచి పరుగు నంబర్ గుడ్డముక్క తీసి, నాలుగు మడతలు పెట్టి నాకిచ్చింది. "ఉంచుకో అన్నా. ఇగ నేను పోను," అంది. నాకు ఏడుపొచ్చింది. నలభై ఎనిమిదేళ్ల మనిషిని, చిన్నపిల్లల వార్డులో అందరి ముందూ ఏడ్చాను.

అప్పుడు పోచవ్వ నోరు తెరిచింది. తిట్లు నాకే పడతాయి అనుకున్నాను. ఆమె కోడలి వైపు తిరిగింది.

"పోవా? ఎందుకు పోవు?"

"బిడ్డ గిట్లుంటె ఎట్ల పోతనత్తమ్మా?"

"నువ్వు గీడ కూసుంటె ఈయన ఒంట్ల రక్తం జల్ది ఊర్తదా?"

యాదవ్వ పిల్ల మీద దుప్పటి సర్దింది.

"రేపు మధ్యాహ్నం దాకా నీతోని గీడ ఏం పని ఉన్నది? దాన్ని సూసుకునుడే గద. నేను సూస్త. గీ రాజాన్ని గూడ నేనే సూస్త, తినకపోతె కొడ్త. రెండు నెలలు నా గడప ముంగట దుమ్ము లేపినవ్. ఆ దుమ్మంత మింగిన. నేను మింగింది ఉత్తగనే పోవాల్నా?"

పూజ మంచం మీద నుంచి చిన్నగా అంది. "పో అమ్మా. పోయి జల్ది రా."

యాదవ్వ చాలాసేపు పిల్ల చెయ్యి పట్టుకుని కూర్చుంది. తర్వాత నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది. గుడ్డముక్క ఇచ్చేశాను.

పోచవ్వ అన్నంత పనీ చేసింది. ఆ మధ్యాహ్నం నుంచి నా ముందు పళ్లెం ఖాళీగా ఉంచలేదు. అన్నం, పప్పు, ఉడకబెట్టిన గుడ్లు, ఖర్జూరాలు, అరటిపళ్లు. చాలవ్వా అంటే, "దీక్షకు కూసున్నప్పుడు చాలనిపియ్యలేదా?" అనేది. మర్నాడు ఎనిమిదింటికి నర్సు బీపీ చూసి నవ్వింది. సూది గుచ్చింది. సంచి నిండుతుంటే దానివైపే చూశాను. నా సర్వీసులో నేను సరిగ్గా గమ్యం చేర్చిన సరుకు అదొక్కటే అనిపించింది.

ఐదున్నరకు మొదలైన పరుగులో అప్పటికి యాదవ్వ పదకొండు స్టేజీలు దాటిందట. తర్వాత తనే చెప్పింది. సగం దాకా బాగానే పోయింది. ముప్పై కిలోమీటర్లు దాటాక కాళ్లు కొయ్యబారాయి. చుట్టూ ఉరికేవాళ్లు ఆగి నడుస్తున్నారు. పక్కనే ఆటోలు ఉన్నాయి, ఎక్కితే ఇరవై నిమిషాల్లో బిడ్డ దగ్గర ఉండొచ్చు. ఒకసారి చెయ్యి ఎత్తబోయింది కూడా. ఎక్కితే ఏం చేయాలి? సంచి ఇంకా రాదు. పిల్ల ముందు కూర్చుని గోడ గడియారం చూడాలి. చెయ్యి దించుకుని మా అక్కన్నపేట రూటులో స్టేజీల పేర్లు ఒక్కొక్కటీ గట్టిగా పిలవడం మొదలుపెట్టింది. "దిగేటోళ్లు దిగున్రి, జల్ది దిగున్రి!" అంటూ ఒక్కో స్టేజీ దాటింది. పక్కన ఉరికే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లకు ఇదేదో కొత్త పద్ధతి అనిపించి, చివరి రెండు స్టేజీలూ వాళ్లు కూడా ఆమెతోపాటు "దిగున్రి, దిగున్రి" అని అరుస్తూ ఉరికారట. ఐదు గంటల నాలుగు నిమిషాలకు గీత దాటింది.

పదకొండున్నరకు వార్డులోకి వచ్చింది. సిటీ బస్సులో సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వచ్చిందట, కూర్చుంటే మళ్లీ లేవలేనని. ముఖమంతా ఉప్పు కట్టి ఉంది. నేరుగా మంచం దగ్గరికి పోయింది.

"అయిపోయిందా అమ్మా?" అంది పూజ.

"అయిపోయింది బిడ్డా. మొత్తం."

పతకం తీసి పిల్ల మెడలో వేసింది. రెండున్నరకు రక్తం సంచి వచ్చింది. మొదటి చుక్క గొట్టంలోకి దిగేదాకా ముగ్గురం దాని వంకే చూశాం. గంట గడిచింది. పూజ ఆ సంచి వంకా నా వంకా చూసి, "రాజం మామ, నీ రక్తమెక్కితె నాకు గూడ మీసాలొస్తయా?" అని అడిగింది. రెండు రోజుల తర్వాత ఆ పిల్ల నోటి నుంచి వచ్చిన మొదటి అల్లరి మాట అది. వార్డంతా నవ్వింది. యాదవ్వ నవ్వుతూ నవ్వుతూ ఇంక నిలబడలేక గోడకు చేరగిలబడి నేల మీద కూర్చుండిపోయింది.

అప్పుడు పోచవ్వ మంచం దిగింది. తన చేతిసంచిలోంచి కొబ్బరినూనె సీసా తీసి, కోడలి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. యాదవ్వ కాలు లాగి తన ఒళ్లో పెట్టుకుంది. వేళ్లన్నీ పొక్కులు, బొటనవేలి గోరు నల్లబడింది.

యాదవ్వ గాభరాగా కాలు వెనక్కి లాక్కుంది. "అయ్యో, తప్పు అత్తమ్మా! మీరు నా కాలు ముట్టుకునుడేంది?"

"ఊకో. తొమ్మిదేండ్ల సంది ఈ పోరిని ఒక్కదానివే మోస్తున్నవ్. మోసిన కాలు పట్టుకుంటె నా చెయ్యి అరుగుతదా? గీ పని నేను ఎన్నడో చెయ్యాల్సింది. నోరు ముందుకొచ్చింది, చెయ్యి ఎనకవడ్డది," అంది పోచవ్వ. చేతులు చాపే ఉంచింది.

యాదవ్వ అత్త ముఖంలోకి చూసింది. కళ్లు తుడుచుకోలేదు. కాలు తెచ్చి మళ్లీ ఆమె ఒళ్లో పెట్టింది. కాసేపటికి రెండోది కూడా పెట్టింది.